పై పెదవి మీద సెగగడ్డ

మా ఇంట్లో సెగగడ్డకి ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్లేవారు కాదు. భిలాయిలో పుట్టి పెరిగినదాన్ని. ఎండలు ముదిరితే ఇంట్లో ఎవరో ఒకరికి మెడ మీదో, చంకలోనో, కూర్చునే చోటో ఒక గడ్డ లేవడం ఖాయమని చిన్నప్పుడే తెలుసు. నాన్న ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. బొగ్గును కాల్చి కోక్ చేసే ఆ పొయ్యిల పక్కన షిఫ్టంతా నిలబడి వచ్చిన మనిషి ఒంట్లో సెగ పుట్టక ఇంకేం పుడుతుందని అమ్మ అనేది. క్యాంప్ 1 లో మా సందు నిండా అలాంటి ఇళ్లే. ప్రతి ఇంట్లోనూ సెగ, ప్రతి ఇంట్లోనూ గడ్డ.

అమ్మ గోధుమపిండి ముద్ద ఉడికించి, పాత చీర గుడ్డలో మూటకట్టి, ఓర్చుకోగలిగినంత వేడిగా గడ్డ మీద వేసేది. నాన్నది మానితే ఆ గుడ్డే జాడించి నాకు. నాది మానితే తమ్ముడికి. గడ్డలు మా ఇంట్లో వంతులవారీగా తిరిగేవి. ఆ జబ్బు గుడ్డ పట్టుకుని ఒకరి మీంచి ఒకరి మీదికి ఎక్కుతోందని ఎవరికీ తోచలేదు. సెగ అనుకున్నాం, మజ్జిగ తాగాం, గడ్డ పండి పగిలేదాకా పక్కకి తిరిగి పడుకున్నాం.

నాన్న మెడ వెనక పాత గడ్డల గుంటలు ఉండేవి. వాటిని ఆయన దాచుకునేవాడు కాదు. చుట్టాలొస్తే కాలరు వంచి మరీ చూపించేవాడు. ప్లాంటులో పనిచేసినవాడికి ఈ గుర్తులుండాలి, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నవాడికి ఎక్కణ్ణుంచి వస్తాయి అనేవాడు. షిఫ్టు మధ్యలో ఒకరి గడ్డ ఒకరు పిండుకోవడం వాళ్లకి మామూలు. చేతులకి మసి, గోళ్లలో మసి, ఆ బొటనవేళ్లతోనే నొక్కేవారు. అయినా బతికారు. బతికారు కాబట్టి అదే వైద్యమనుకున్నారు.

తమ్ముడు నాకన్నా చిన్నవాడు. వాడూ ప్లాంటులోనే చేరాడు, ఉక్కు కరిగించే షాపులో క్రేన్ నడిపేవాడు. పైన ఉన్న డబ్బాలాంటి క్యాబిన్‌లో కూర్చుని, కింద ఉడుకుతున్న ఇనుముతో నిండిన బకెట్‌ని అంగుళం తేడా రాకుండా దించాలి. మా ఇంట్లో అందరికన్నా మంచి కళ్లు వాడివే. సూదిలో దారం ఎక్కించాలంటే అమ్మ వాణ్ణే పిలిచేది.

కానీ నాన్నకి వాడంటే ఎప్పుడూ ఏదో వెలితి. కారణం చెబితే నవ్వొస్తుంది. వాడికి తెలుగు సరిగా రాదు. నాకు మాత్రం ఏం వచ్చు? విజయనగరం వైపు నుంచి వచ్చిన ఇంట్లో పుట్టి, భిలాయి స్కూల్లో పిల్లలకి హిందీ చెప్పుకుని బతికినదాన్ని. కానీ నేను ఆడపిల్లని, నా తెలుగుతో ఎవరికీ పని లేదు. వాడు కొడుకు. వాడు సగం వాక్యం తెలుగులో మొదలుపెట్టి మిగతా సగం హిందీలో దింపేవాడు. నాన్న కాలూ చెయ్యీ బాగున్నన్నాళ్లూ చుట్టాల ముందు వాణ్ణి ఆటపట్టించేవాడు.

"నానొచ్చిన ఊరి మాట ఒక్కటి కూడా నీ నోట్లో నేదురా. రేపు నాకు కొరివెట్టి ఏటి సదువుతావు? హిందీలో సదువుతావేటి?"

అందరూ నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. వాడి నవ్వు ఎక్కడ ఆగిపోయేదో నాకు తెలుసు.

చివరి రెండేళ్లూ నాన్న కోహ్కాలో తమ్ముడి ఇంట్లోనే మంచాన పడి ఉన్నాడు. నేను స్మృతి నగర్ నుంచి స్కూటీ మీద వెళ్లి వస్తుండేదాన్ని. నాన్న ఒళ్లు తుడిచినవాడు తమ్ముడు, పక్కబట్టలు మార్చినవాడు తమ్ముడు. అయినా పోయే ముందు వారం నాన్న వాణ్ణి దగ్గరికి పిలిచి, చాలా మామూలుగా, "మన ఊరోళ్లు సేసినట్టు నా దినాలు సేయగలవేట్రా?" అని అడిగాడు. ఆ ప్రశ్నే వాడి మెడకి చుట్టుకుంది. ఆ ముసలాయన మా నాన్నే అయినా, చచ్చిపోయాడు కదా అని దాచను, ఆ మాటకి నేను ఆయన్ని ఇంతవరకూ క్షమించలేదు.

నాన్న పోయాక అంతా పెద్దాయన చేతిలోకి వెళ్లింది. పెద్దాయన అంటే నాన్నతో పాటు ఒకే బండిలో భిలాయికి వచ్చిన మనిషి, రైల్ మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఇక్కడి ఆంధ్రావాళ్ల ఇళ్లలో ఎవరు పోయినా ముందు ఆయనకే ఫోన్ వెళుతుంది. ఏ దినానికి ఏం చెయ్యాలో, ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో ఆయనకి తెలుసు. పురోహితుడికి కూడా ఆయనే చెబుతాడు. చెడ్డమనిషి కాదు. మా అమ్మ పోయినప్పుడు పాడె మోసినవాడు. ఈయన ఇలా చేశాడని చెప్పడానికి నాకే కష్టంగా ఉంది.

మొదటి రోజే శివనాథ్ నది ఒడ్డున తమ్ముడికి తలా, గెడ్డం, మీసం తీయించారు. పెళ్లప్పటి నుంచీ ఉన్న మీసం. అది పోయేసరికి వాడి మొహం ఎవరిదో అయిపోయింది. ఆ రోజు నుంచి పదో రోజు దాకా నియమాలు. కట్టు పంచె, ఒక తెల్ల తుండు, చాప మీద పడక, ఒంటిపూట భోజనం, తెల్లారకముందే చన్నీళ్ల స్నానం. సబ్బు కూడదు, నూనె కూడదు. తుండు మార్చకూడదు, సబ్బుపెట్టి ఉతకకూడదు. తడిసిన ఆ తుండుతోనే తుడుచుకుని దాన్నే ఆరేసుకుని మళ్లీ దాన్నే కప్పుకోవాలి.

నాలుగో రోజుకో ఐదో రోజుకో పై పెదవి మీద, మీసం మొలుస్తున్న చోట, చిన్న చిన్న పొక్కులు లేచాయి. ప్రతి పొక్కు మధ్యలోనూ ఒక వెంట్రుక. కొసన ఆవగింజంత చీము. కత్తి గాట్లు అనుకున్నాం. తమ్ముడు కూర్చున్న చోట కూర్చుని ఆ తుండు అంచుతో దాన్ని రుద్దుకుంటూ ఉండేవాడు. తర్వాత అందులో ఒకటి, ముక్కు కింద కుడివైపున ఉన్నది, లోపలికి దిగి గట్టిపడింది. చుట్టూ ఎర్రబడింది. పెదవి ఒక పక్కకి పొంగింది.

ఏడాదిగా వాడికి హెల్మెట్ పట్టీ కింద, మెడ వెనక, ఇలాంటివి వస్తూ పోతూ ఉన్నాయి. ప్లాంటు వేడి అన్నాడు. నాన్నకీ ఇవే వచ్చేవి కదా అన్నాడు. అలా అన్నప్పుడు వాడి గొంతులో కొంచెం గర్వం కూడా ఉండేది. నాన్నతో వాడికి కలిసింది ఆ ఒక్కదాంట్లోనే కాబోలు.

మరదలు, అంటే తమ్ముడి భార్య, వేపాకూ పసుపూ నూరి తెచ్చింది. పెద్దాయన గుమ్మంలోనే ఆపాడు.

"మైలింట్లో పసుపేటమ్మా? కర్మ సేసేవోడికి పసుపు పెడతావేటి? పదో రోజు దాటనీ."

ఆమె గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. నేను మెడికల్ షాపు నుంచి ఒక ట్యూబు తెచ్చాను. ఒంటికి గంధం, నూనె, లేపనం ఏదీ రాయకూడదన్న నియమంలో ఈ ట్యూబు కూడా పడింది. మాత్రలు మింగకూడదని ఎవరూ అనలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. డాక్టరుకి చూపించుకోరా, బండి మీద పది నిమిషాల పని అని నేను అన్నాను. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"రెహనే దో అప్పా. ఈ నాలుగు రోజులు ఆగు. గడ్డే కదా. మధ్యలో లేచి వెళ్తే మళ్లీ అంటారు, ఇక్కడ పుట్టినోడికి ఏం తెలుసు అని."

మా ఇళ్లలో అక్కని అప్ప అంటారు. వాడి నోట తప్పు లేకుండా వచ్చే తెలుగు మాటలు కొన్నే, అందులో అది ఒకటి. ట్యూబు కిటికీలో పెట్టేశాను. కోపం మాత్రం వచ్చింది. ఎవరంటారు, ఎవరున్నారు ఇక్కడ అనడానికి? నాన్న పోయాడు. ఊళ్లో మిగిలిన ఒక్క చిన్నాన్న తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్నాడు, రాలేదు. ఈ క్యాంపులో, ఈ కోహ్కాలో ఉన్నవాళ్ల పిల్లలు ఇంట్లో హిందీ మాట్లాడుకుంటారు. అయినా వాడు లేని ఊరికి భయపడ్డాడు.

ఆ ట్యూబు మూత తీయకుండానే కిటికీలో ఉండిపోయింది.

పదో రోజు అందరం నదికి వెళ్లాం. ఆడవాళ్లం కొంచెం దూరంగా మెట్ల మీద కూర్చున్నాం. ఆ రోజు భిలాయిలో ఉన్న మా దూరపు దాయాదులందరికీ క్షౌరం. వరసగా కూర్చున్నారు. పనివాడు దుర్గ్ నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ మనిషి, నడివయసువాడు. ఒకరి తర్వాత ఒకరికి చేసుకుంటూ వస్తున్నాడు. బ్లేడు మధ్యలో మార్చాడో లేదో నేను చూడలేదు. ఆ తర్వాత చాలా రోజులు నేను అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. తమ్ముడి దగ్గరికొచ్చి వాడి పెదవి చూసి చెయ్యి ఆపాడు. ఇక్కడ గడ్డ ఉంది, ఇది వదిలేస్తాను భయ్యా అన్నాడు.

పెద్దాయన వంగి చూశాడు. చూసి, చాలా మెత్తగా, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు.

"ఒరే నాయనా, ఒక్క ఎంటిక మిగిలినా మీ నాన్నకి ముట్టదు. మా అయ్యకి నాను అలగే సేసినాను. కొంచెం ఓర్సుకో."

నేను మెట్ల మీంచి లేచి అరిచాను. అందరి ముందూ అరిచాను. ఆ ఒక్క చోటు వదిలెయ్యండి, కత్తెరతో తీయండి, చీము కనబడుతోంది కదా, కళ్లు లేవా అన్నాను. ఆడమనిషి అక్కడ గొంతెత్తినందుకు అందరూ నా వైపు తిరిగారు. తమ్ముడు కూడా తిరిగాడు. వాడి చూపులో బతిమాలుకోవడం ఉంది, నన్ను ఆగమని. తర్వాత పనివాడి వైపు తిరిగి, "చలా దో" అన్నాడు, గీసెయ్యమని.

కత్తి పోయింది. గడ్డ తల తెగింది. రక్తమూ చీమూ కలిసి పెదవి మీదికి జారింది. తమ్ముడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పెద్దాయన అయ్యో అంటూ కింద కూర్చున్నాడు. ఎలాగూ నోరు తెరుచుకుంది, లోపలున్నది కాస్తా పోతే రేపటికి తగ్గిపోద్ది అని, రెండు బొటనవేళ్లూ అటూ ఇటూ పెట్టి నొక్కాడు. ప్లాంటులో అంతమంది గడ్డలు నొక్కిన చేతులు. ప్రేమతోనే నొక్కాడు. తర్వాత తన తుండుతో వాడి మొహం తుడిచాడు. తమ్ముడు నదిలో మునిగి లేచాడు. పంతులు చెప్పిన ప్రతి ముక్కనీ పలికాడు, ఒత్తులతో సహా. ఎన్ని రోజులు ఫోన్‌లో విని నేర్చుకున్నాడో నాకు తెలియదు. పంతులు చివర్లో బాగా పలికావు బాబూ అన్నాడు. వాచిన పెదవితో వాడు నవ్వాడు.



మర్నాడు జ్వరం. నదిలో మునిగాడు కదా, ఇన్నాళ్లూ ఒంటిపూట తిన్నాడు కదా అన్నారు. ఆ పైరోజుకి తలనొప్పి, కుడి కంటి వెనక ఎవరో గుద్దుతున్నట్టుందన్నాడు. కనురెప్ప వాచింది. గడ్డ నీరు కంట్లోకి దిగిందన్నారు. ఎవరు ఏమన్నా దానికో పేరుంది, దానికో కారణం ఉంది. భోజనాల రోజు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్దామని మరదలు నాతో గుసగుసగా అంది. ఆ రోజు కోసం షామియానా వేశారు, వంటవాళ్లు వచ్చారు, ప్లాంటు నుంచి వాడి షిఫ్టువాళ్లు వచ్చారు. తమ్ముడు కన్ను సగం మూసుకుపోయి కూడా విస్తళ్ల మధ్య తిరిగాడు. అందరినీ పేరుపేరునా ఇంకొంచెం వేసుకోమన్నాడు.

మధ్యాహ్నం, చివరి పంక్తి లేస్తుండగా, వాడు నా దగ్గరికొచ్చి స్తంభం పట్టుకున్నాడు. ఒళ్లు వణుకుతోంది. కుడి కన్ను ముందుకి పొడుచుకొచ్చి ఉంది, అది నేను ఎలా చూడలేదో నాకు తెలియదు, అంత స్పష్టంగా ఉంది.

"అప్పా, నువ్వు ఇద్దరు కనిపిస్తున్నావు" అన్నాడు. అని, అక్కడే వాంతి చేసుకున్నాడు.

వాడి షిఫ్టు స్నేహితుడి కారులో తీసుకెళ్లాం. పెద్దాసుపత్రి క్యాజువల్టీలో వాణ్ణి చూసిన డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు ఉంటుంది. టార్చి వేసి కన్ను చూసింది, పెదవి చూసింది, మెడ వంచి చూసింది. తర్వాత మా వైపు తిరిగి ఒకే ప్రశ్న అడిగింది.

"ఫోడే కో కిసీ నే దబాయా క్యా?"

ఎవరైనా ఈ గడ్డని నొక్కారా? నా పక్కనే పెద్దాయన ఉన్నాడు. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. నేనే జవాబు చెప్పాను. నొక్కారు, కత్తి కూడా పడింది అన్నాను. ఆమె లోపలికి పరుగెత్తింది.

వాణ్ణి ఐసీయూలో పెట్టాక ఆమె బయటికొచ్చి మాకు వివరించింది. వరండాలో బెంచీ మీద నా పక్కనే కూర్చుని చెప్పింది. ప్రతి వెంట్రుకా చర్మంలో ఒక చిన్న గుంటలోంచి మొలుస్తుంది. మన ఒంటి మీదా, ముక్కులోపలా ఎప్పుడూ ఒక రకం బాక్టీరియా ఉంటుంది. చాలామందిలో ఏ హానీ చెయ్యకుండా ఊరికే ఉంటుంది. గెడ్డం గీసినప్పుడు, తడి గుడ్డ రాసుకున్నప్పుడు, చర్మం కాస్త చీరుకుంటే ఆ గుంటలోకి దిగుతుంది. పైపైన ఉంటే పొక్కు. లోతుకి దిగి చీము గూడు కడితే గడ్డ. నాలుగైదు గుంటలు లోపల్లోపల కలిసిపోతే అది రాచపుండు. వేడికీ సెగకీ ఏం సంబంధం లేదా అని అడిగాను. చెమట పడుతుంది, పట్టీ రాసుకుంటుంది, చర్మం నానుతుంది, అంతవరకే అంది. సెగ అనేది ఏమీ లేదు. నా బాల్యం మొత్తం అమ్మ పోసిన మజ్జిగ నాకు గుర్తొచ్చింది.

తర్వాత ఆమె తన ముక్కు మొదట్లో వేలు పెట్టి, అక్కణ్ణుంచి పెదవి రెండు మూలలకీ గీత గీసి చూపించింది. ఈ చోట లేచిన దాన్ని ఎప్పుడూ నొక్కకూడదు అంది. మెడ మీద గడ్డ నొక్కితే బహుశా మచ్చ పడి పోతుంది, అదీ మంచిది కాదు, కానీ ఇక్కడి నరాల్లో రక్తం వెనక్కి, కంటి వెనకనుంచి మెదడు అడుగుకి పోగలదు. నొక్కితే చీము ఆ దారి పడుతుంది. మీ తమ్ముడికి అక్కడ రక్తం గడ్డకట్టింది. బతకడమే ఇప్పుడు ముఖ్యం, కంటి సంగతి తర్వాత చూద్దాం అంది.

షుగర్ ఎన్నాళ్లుగా ఉందని కూడా అడిగింది. లేదని మరదలు చెప్పింది. ఉంది, మాకే తెలియదు. ఏడాదిగా మెడ మీద లేస్తున్న గడ్డలు ఆ మాటే చెబుతూ వచ్చాయి. ఊరికే పదే పదే గడ్డలొస్తుంటే ముందు రక్తం చూపించుకోవాలట. మేం వాటిని నాన్న ఆస్తిలాగా చూసుకున్నాం.

నాకు ఒక దోషి కావాలి. ఆ బ్లేడు మార్చలేదు కదా, అందువల్లే కదా అని డాక్టరమ్మని రెండుసార్లు అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు అంది. పొక్కులు అంతకు ముందే ఉన్నాయి కదా, వాడి ముక్కులో ఉన్నదే పెదవి మీదికి దిగి ఉండొచ్చు, ఎవరికీ తెలియదు అంది. అంత మెత్తటి మాటకి నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆ కోపం ఆమె మీద కాదు. పోనీ పెద్దాయన మీద చూపిద్దామంటే ఆయన రోజూ పొద్దున్నే వచ్చి, ఐసీయూ తలుపుకి ఎదురుగా నేల మీద కూర్చుని, సాయంత్రం పంపించేసేదాకా లేచేవాడు కాదు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నా ఏళ్లు ఇరిచెయ్యమ్మా" అన్నాడు. నేను చెయ్యి లాక్కున్నాను. ఓదార్చలేదు. ఓదార్చాలని అనిపించలేదు.

తమ్ముడు బతికాడు. సెలైన్లో మందులు వారాల తరబడి ఎక్కించారు. మధ్యలో రెండో కన్ను కూడా వాచి, మేమంతా ఆశ వదులుకున్న రోజులున్నాయి. అది తగ్గింది. మొదటి కన్ను ఉంది, రెప్ప సగం వాలి, గుడ్డు కదలకుండా. చూపు లేదు. టార్చి వేస్తే వెలుగు కూడా తెలియడం లేదు.

ఒంటికన్నుతో క్రేన్ ఎక్కనివ్వరు. ఎక్కనివ్వకూడదు కూడా. ఎంత దూరంలో ఏముందో ఒక కంటికి సరిగా అందదు, కింద మనుషులుంటారు. వాణ్ణి స్టోర్‌లో కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చిన నట్లూ బోల్టులూ లెక్కచూసుకునే పని. కప్పులో టీ పోసుకోబోతే మొదట్లో బల్ల మీద పోసేవాడు. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర కాలుతో తడుముకునేవాడు. ఇంట్లో వాడి కుడివైపు నుంచి ఎవరొచ్చినా ఉలిక్కిపడతాడు. మరదలు ఎప్పుడూ ఎడమవైపు నుంచే పిలవడం అలవాటు చేసుకుంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరి తువ్వాలు వాళ్లది, ఎవరి రేజరు వాళ్లది. గుడ్డ ఏదైనా వేడినీళ్లలో వేసి ఉతుకుతుంది. అన్నీ సరిగ్గా చేస్తుంది, ఏం లాభం అని నేను అనను. ఆమెకి అది కావాలి.

వాడు ఒక్కసారి కూడా ఎవరినీ నిందించలేదు. నేను తిట్టుకుంటుంటే, "జానే దో అప్పా. నాన్న పని పూరా అయ్యింది కదా" అనేవాడు. ఒక్క వెంట్రుక మిగలకుండా అయ్యింది. ఆ మాట మీదే వాడు నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో అది ఒక్కటే ఉంది కాబట్టి, నేను దాన్ని లాక్కోలేదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం పెట్టాలి. ఈసారి చిన్నాన్న వచ్చాడు, చేతికర్రతో, వైజాగ్ నుంచి వచ్చే బండిలో. నాన్నకి తమ్ముడు, ఇప్పటికీ ఆ ఊళ్లోనే, ఆ ఇంట్లోనే ఉన్న మనిషి. అన్న చావుకి రాలేకపోయానని ఏడ్చాడు. మా తమ్ముడి మొహం చూసి ఇంకా ఏడ్చాడు. కంటికి ఏదో ఇన్ఫెక్షన్ అని ఫోన్‌లో విన్నాడు గానీ, ఎలా మొదలైందో ఎవరూ ఆయనకి చెప్పలేదు.

పొద్దున్నే పెరట్లో పీట వేశారు. పెద్దాయన పిలిపించిన పనివాడు పెట్టె తెరిచి కూర్చున్నాడు. కొత్త బ్లేడు కాగితంలోంచి తీసి అందరికీ చూపించాడు. వద్దని నేనూ మరదలూ ముందు రోజంతా పోట్లాడాం. తమ్ముడు వినలేదు. ఏడాది మొత్తం చేసి ఇక్కడ ఆపనా అన్నాడు. తుండు భుజాన వేసుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. పెద్దాయన ఈసారి గోడ పక్కన కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు.

చిన్నాన్న అరుగు మీద కాఫీ తాగుతూ అదంతా చూశాడు. ఆశ్చర్యపోయాడు.

"అదేట్రా? మీరింకా గుండు గీయించుకుంటన్నారేటి? మనూళ్లో ఎవుడూ గీయించుకోట్లేదు. కత్తెర్తో నాలుగెంటికలు కత్తిరించి నీళ్లలో ఏసెస్తారు. పక్కింటోడి అయ్య పోతే ఆడు మీసం కూడా తియ్యనేదు. ఉజ్జోగాలోళ్లు కదా, పంతులే ఒప్పేసుకున్నాడు."

తమ్ముడు తల మొత్తం తిప్పి, మంచి కన్ను ఆయన మీదికి వచ్చేదాకా తిప్పి, అడిగాడు.

"ఎప్పటి నుంచి చిన్నాన్నా?"

"శానా ఏళ్లయ్యింది. నాకు గురుతు కూడా నేదు."

"అలా చేస్తే... వాళ్ల నాన్నకి ముట్టుతుందా?"

చిన్నాన్న నవ్వాడు. ఏం తెలియని మనిషి, ప్రేమగానే నవ్వాడు. "ముట్టకేట్రా? కన్న కొడుకు నీల్లొదిలితే సాలదేటి?"

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కున్నాడు, దొరక్కపోతే వట్టికాళ్లతోనే గేటు తీసుకుని వెళ్లిపోయాడు. పనివాడు బ్లేడు పట్టుకుని, చెయ్యమంటారా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. మరదలు కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. తమ్ముడు పీట మీంచి లేవలేదు. కాసేపటికి వాడి బుగ్గల మీద నీళ్లు జారాయి, రెండు వైపులా. చూపు పోయిన కన్ను కూడా ఏడుస్తుందని నాకు ఆ పూటే తెలిసింది.